బెండకాయ గురించే రాస్తున్నాను

రాయదుర్గం,
జూలై 13, ఆదివారం.

చి॥ మాధవికి నాయన ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. ఆషాఢం గాలి దుమ్ము లేపుతోంది, వాన మాత్రం లేదు. వేరుశనగ వేసినవాళ్లు రోజూ ఆకాశం చూసి ఇంట్లోకి వెళ్తున్నారు. మీ అమ్మ మోకాలి నొప్పి ఎప్పటిలాగే ఉంది. చిన్నోడు మొన్న వచ్చి మోటారు బాగు చేయించి పోయాడు. ప్రత్యేకంగా ఏదో చెప్పాలని కాదు, ఊరికే కూర్చుంటే నీ కుక్క గురించి నాలుగు ముక్కలు రాయాలనిపించింది. పోస్టులో వేస్తే ఎప్పటికి చేరుతుందో ఏమో. రాయడం అయ్యాక ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెడతాను. పెద్దది చేసుకుని చదువుకో.

నిన్న సరోజమ్మత్త వచ్చింది. శైలు నిన్ను మీ మెల్‌బోర్న్‌లో కారమ్ డౌన్స్ గుడిలో చూసిందట. ఎడమ చేతికి కట్టు ఉందట. "కుక్క ఈడ్చుకుపోయిందంట కదా" అంది అత్త. మీ అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టి నా ముఖం చూసింది. శైలు కళ్లద్దాలు మార్చుకోవాలి అని నేను మాట దాటేశాను. సరే, దాన్ని పక్కన పెడదాం.

గ్రేహౌండ్‌ను తెచ్చుకున్నానని నువ్వు చెప్పినప్పుడు, శ్రీరాములు మామ నువ్వు పోలీసుల్లో చేరావనుకున్నాడు. 1989లో మనవాళ్లు పెట్టిన దళం పేరుగా తప్ప ఆ మాట ఈ వీధిలో ఎవరూ వినలేదు. నాకు మాత్రం ఫోటో చూడగానే అర్థమైంది, ఇది మన ముధోల్ జాగిలానికి దాయాదని. అదే సన్న మూతి, అదే లోతు రొమ్ము, వెన్నుకు అంటుకున్న పొట్ట. పందేలలో పరుగెత్తి అలిసిపోయినవాడికి బెండకాయ అని పేరు పెట్టావు చూడు, దానికి మాత్రం మీ అమ్మ ఇంకా నవ్వుతోంది. వేపుడు చేసిన రోజు నాకు వడ్డిస్తూ "మనవణ్ణి తినండి" అంటుంది.

వద్దన్నవాణ్ణి నేనే కాబట్టి ఇప్పుడు జాగ్రత్తలు చెప్పే హక్కు నాకు లేదంటావు. అయినా ముప్పై ఏళ్లు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసినవాడి నోరు ఊరుకోదు.

వీటికి తలకంటే మెడ లావు. మామూలు పట్టీ వేస్తే వెనక్కి ఒక్క గుంజు గుంజి తల బయటికి లాగేసుకుంటుంది. లాగిన కొద్దీ కాస్త బిగిసే మార్టింగేల్ పట్టీ ఉందన్నావు, మంచిదే. 2019 జనవరి నుంచి మీ విక్టోరియాలో పెంపుడు గ్రేహౌండ్లకు చిక్కం అక్కర్లేదన్నారు, బయట తాడు మాత్రం తప్పదన్నారు. ఆ తాడు గురించే నా బాధ. దాన్ని మణికట్టుకు చుట్టుకోకు. బెండకాయ 32 కిలోలు. కొన్ని అంగల్లోనే గంటకు 60 కిలోమీటర్లు దాటే జంతువు. వీధి చివర పిల్లి కదిలితే వాడికి నువ్వు కనపడవు, పిల్లే కనపడుతుంది. అప్పుడు నీ చేతికి ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టుకునే టైము ఉండదు. ఎద్దు పగ్గం చేతికి చుట్టుకుని మీ పెద్దనాన్న వేలు ఏమైందో నువ్వు చిన్నప్పుడు రోజూ చూసినదానివే. డబ్బాలోంచి సాగే తాడు అసలే వద్దు. అది సాగినంత దూరం వాడు వేగం పెంచుకుంటాడు, చివర్లో వాడి మెడకు, నీ భుజానికి ఒకేసారి దెబ్బ తగులుతుంది.

నువ్వు తాడు ఏ చేత్తో పట్టుకుంటావు? ఎడమ చేత్తోనా? ఊరికే అడిగాను.

ఇప్పుడు మీకు చలికాలం కదా. వాడి ఒంటి మీద కొవ్వు లేదు, బొచ్చు లేదు. పొద్దున్నే తిప్పేటప్పుడు కోటు వేస్తున్నావని ఫోటోలో చూశాను, రాత్రి పడుకునేటప్పుడు కూడా వెయ్యి. మీ డిసెంబర్, జనవరి వస్తే ఇదంతా తిరగబడుతుంది. అప్పుడు నీ అరచేతి వెనక భాగం రోడ్డు మీద పెట్టి చూడు, ఏడు అంకెలు లెక్కపెట్టేదాకా ఆన్చలేకపోతే వాడి పాదాలూ ఆన్చలేవు. (మంచి చేయి పెట్టు.) చర్మం ఉల్లిపొర లాంటిది. మన వీధి కుక్కకు గీత పడే చోట వీడికి జానెడు చీలిక పడుతుంది. పెరట్లో కంచె మేకులు చూసుకో.

ఉల్లి అంటే గుర్తొచ్చింది. నీ సాంబారు అన్నం వాడికి పెట్టకు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలో ఎర్రకణాలను చంపేస్తాయి, పచ్చివైనా ఉడికినవైనా ఒకటే. పాయసంలో కిస్‌మిస్, ద్రాక్ష మూత్రపిండాల మీద పడతాయి. చాక్లెట్ వద్దు, మీ దేశపు మకడేమియా గింజలు వద్దు, చక్కెర లేని చూయింగ్ గమ్‌లో వేసే జైలిటాల్ అయితే విషమే. ఉడికిన ఎముక కత్తిలా చీలుతుంది, అది మటన్‌దైనా కోడిదైనా. పెరుగన్నం ఒక ముద్ద పడితే పెట్టు, విరేచనం పట్టకపోతే ఆపేయకు. "పక్కటెముకలు కనిపిస్తున్నాయి, బిడ్డకు తిండి పెట్టట్లేదు" అని మీ అమ్మ అంటుంది. నమ్మకు. వీడికి చివరి రెండు ఎముకలు లీలగా కనపడితేనే సరైన బరువు. పళ్లు మాత్రం రోజూ తోము. పందెం కుక్కలకు ఒళ్లంతా ఉక్కు, నోరు మాత్రం పాడు.

అన్నం రెండు పూటలా కొంచెం కొంచెం పెట్టు. తిన్నాక గంటసేపు పరుగు లేదు. లోతు రొమ్ము కుక్కలకు కడుపులో గాలి నిండి మెలితిరిగిపోయే జబ్బుంది. వాంతి వచ్చినట్టు ఒంగుతుంది, ఏమీ రాదు, నురగ తప్ప. పడుకోలేదు, నిలబడలేదు, పొట్ట డోలులా బిగుస్తుంది. అలా కనపడితే రాత్రి రెండైనా సరే తెల్లారనీ అనుకోకు, కొన్ని గంటల్లో ప్రాణం పోతుంది. ఇరవై నాలుగు గంటలూ తీసి ఉండే ఆసుపత్రి నంబరు ఫ్రిజ్ మీద అంటించుకో. కానీ అంత బరువు కారులోకి ఎలా ఎక్కిస్తావు ఒక్క... ఒక్కదానివే? శైలును లేపు, మొహమాటపడకు.

బెండకాయకు థైరాయిడ్ తక్కువ ఉందన్నాడన్నావు కదా మీ డాక్టరు. ఆయన చదువు ముందు నా చదువెంత. అయినా ఒక మాట అడుగు, ఇది గ్రేహౌండ్ కదా, వీటికి ఆ అంకె మామూలుగానే తక్కువ ఉంటుంది కదా అని. వీటి రక్తం వేరు. ఎర్రకణాలు ఎక్కువ, ప్లేట్‌లెట్లు తక్కువ. మామూలు కుక్క లెక్కతో చూస్తే ఆరోగ్యంగా ఉన్నవాడు కూడా రోగిలా కనపడతాడు. ఆ ఒక్క అంకె చూసి మాత్రలు మొదలుపెట్టొద్దు. పళ్లు శుభ్రం చేయించడానికి మత్తు ఇస్తారన్నావే, అక్కడ మాత్రం నేను చెప్పేది కాస్త నిదానంగా విను. మీ అమ్మ చీర సంగతి నీకు సగమే తెలుసు.

1988. మా పెళ్లయి ఏడాది కాలేదు. ఒక గొర్రెల కాపరి సైకిల్ వెనక గోనెపట్టాలో చుట్టి ముధోల్ జాగిలాన్ని తెచ్చాడు. కుందేలు వెంట పడి ముళ్లతీగ కంచెలోంచి దూకింది, తొడ మీద చర్మం చొక్కా జేబులా వేలాడుతోంది. అప్పటి మా డాక్టరు తూకం వేశాడు, మామూలు కుక్క లెక్కలోనే థయోపెంటోన్ అనే మత్తుమందు ఎక్కించాడు. కుట్లు సగంలో ఉండగా అది కదిలితే ఇంకాస్త ఎక్కించాడు. కుట్లు అయ్యాయి, ఆయన అనంతపురం బస్సు పట్టుకున్నాడు. "అరగంటలో లేస్తుంది, పంపించెయ్" అన్నాడు. అరగంట అయింది. గంట అయింది. చీకటి పడింది, కరెంటు పోయింది. అది లేవలేదు. చెవులు పట్టుకుంటే కుండలో నీళ్లలా చల్లగా ఉన్నాయి. లాంతరు దాని ముక్కు దగ్గర పెట్టి ఊపిరి లెక్కపెట్టాను. ఒకటి వచ్చాక రెండోది వస్తుందా రాదా అన్నట్టు ఉంది. కాపరి గుమ్మంలో తలపాగా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, ఏమీ అడగడు. అడిగితే బాగుండుననిపించింది.

ఖాళీ సెలైన్ సీసాలు అప్పట్లో గాజువి. స్టవ్ మీద నీళ్లు కాచి వాటిలో పోసి గుడ్డ చుట్టి దాని పొట్ట దగ్గర పేర్చాను. అరగంటకోసారి పక్క మార్చాను. తొమ్మిదింటికి మీ అమ్మ క్యారియర్ పట్టుకుని వచ్చింది. భయపడి వెళ్లిపోతుందనుకున్నా. కాసేపు చూసింది, ఇంటికి పోయి పెళ్లిలో వాళ్ల పిన్ని పెట్టిన నీలం చీర తెచ్చి నాలుగు మడతలు వేసి కప్పింది. తర్వాత స్టవ్ దగ్గర కూర్చుని సీసాలు ఆమే నింపుతూ వచ్చింది. తెల్లవారుజామున నాలుగున్నరకు అది తల ఎత్తింది. అప్పుడే పుట్టిన దూడలా నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పోతూ లేచి, మొదటి పని, ఆ చీర మీదే ఉచ్చ పోసుకుంది. కాపరి అప్పుడు ఏడ్చాడు. తర్వాత ఎప్పుడో తిరుపతి వెటర్నరీ కాలేజీలో ట్రైనింగ్‌కు వెళ్లినప్పుడు ఒక ప్రొఫెసరు గారు విడమర్చి చెప్పారు. ఆ మందు మామూలు కుక్కలో మెదడు వదిలి ఒంట్లోకి, కొవ్వులోకి సర్దుకుంటుంది, అందుకే అది లేస్తుంది. వీటికి సర్దుకోవడానికి కొవ్వే లేదు, కాలేయం కూడా ఆ మందును నిదానంగా విరుస్తుంది. ఇప్పుడు మంచి మందులు వచ్చాయి, మీ దగ్గర రోజూ వీటికే ఇచ్చే డాక్టర్లున్నారు. అయినా ముందే అడుగు, మత్తు దిగేదాకా వెచ్చగా ఉంచమను. పన్ను పీకితే రెండో రోజు కూడా నోరు తెరిచి చూడు, వీటికి రక్తం అప్పుడు మళ్లీ మొదలయ్యే అలవాటుంది.

ఆ చీర లెక్క మీ అమ్మ ఇప్పటికీ చెబుతుంది. కుక్కలంటే నాకు అసహ్యం అని కూడా చెబుతుంది.

ఎక్కడున్నాను? ఆ, నిద్ర. వాడు కళ్లు తెరిచి నిద్రపోతే భయపడకు. తట్టి లేపొద్దు, ముందు పేరు పెట్టి పిలువు. బోనులో ఒంటరిగా పడుకున్న ప్రాణం, నిద్రలో చేయి తగిలితే ఉలిక్కిపడి పళ్లు చూపిస్తుంది, తప్పు వాడిది కాదు. గాజు తలుపు మీద ఏదైనా స్టిక్కరు వెయ్యి, పందెం కుక్కకు గాజు అంటే తెలియదు. కుంటితే ముందు పాదం తిప్పి చూడు, వీటికి మెత్తల్లో ఆనెలు వస్తాయి. అక్కడేమీ లేకుండా రెండు వారాలకూ కుంటు తగ్గకపోతే బెణుకులే అని వదిలేయకుండా ఎక్స్‌రే తీయించు, వీటికి కాలి ఎముకలో క్యాన్సర్ వచ్చే గుణం ఎక్కువ. మనుషులకు కూడా అంతే, చేయి వాచి రెండు వారాలైనా తగ్గకపోతే ఎక్స్‌రే తీయించుకోవాలి. తీయించావా?

చూడు తల్లీ. మూడు వారాలుగా వీడియో కెమెరా పాడైంది అంటున్నావు. అదే ఫోనుతో బెండకాయ కాళ్లు పైకి పెట్టి పడుకున్న ఫోటో నిన్ననే పంపావు. ఆ ఫోటోలో వెనక గట్టు మీద ఫ్రోజెన్ చపాతీల ప్యాకెట్ ఉంది, మూల పంటితో చింపినట్టుంది. పిండి బయట కలిపితే నచ్చని మనిషివి. నీ మెసేజులు "సరే", "ఊ", "తిన్నా". ముందు పేజీలు రాసేదానివి. నేను పశువులకే వైద్యం చేశాను, అవి నోటితో చెప్పవు కాబట్టి ఇవన్నీ చూడటమే నా పని.

కుక్క వద్దని నేనన్న మాట గుర్తుపెట్టుకుని దెబ్బ దాస్తున్నావేమో. నేను ఏమీ అనను. అంటే ఒక్క మాట అంటాను, అంతే. వాణ్ణి తిరిగి ఇచ్చెయ్యమని మాత్రం అనను. వాడి తప్పేముంది, కదిలేదాని వెంట పడటం నేర్పి పెంచారు. కట్టు విప్పేదాకా వాణ్ణి తిప్పడానికి ఎవరినైనా పెట్టుకో, డబ్బు నేను పంపుతాను, చిన్నోడికి చెప్పొద్దు. కాల్షియం మాత్రలు వేసుకో. రాగి జావ తాగు, సరోజమ్మత్త కొడుకు దుకాణంలో రాగి పిండి దొరుకుతుందన్నాడు. స్నానం చేసేటప్పుడు కట్టుకు ప్లాస్టిక్ కవరు చుట్టుకో. వచ్చే ఆదివారం మన టైము పన్నెండుకు వీడియో పెట్టు, రెండు చేతులూ కనపడాలి.

శైలు అత్తామామలు ఆగస్టులో వస్తున్నారు. వాళ్లతో మీ అమ్మ ఒక బొంత పంపుతోంది. పాత చీరలన్నీ విప్పి పది రోజుల్నుంచి కుడుతోంది, మధ్యలో నీలం ముక్క ఒకటి ఉంది. ఎవరికి అంటే "అమ్మాయికి చలి" అంటుంది. నువ్వు ఒక్కదానివి కప్పుకునే వెడల్పు కాదు అది, నేను కొలిచాను. బెండకాయకని నీకు చెప్పొద్దంది, నేను చెప్పలేదు.

సంచి బరువుంటుంది. ఎడమ చేత్తో ఎత్తకు.

మీ నాయన.