మాక్ డ్రిల్ ఫొటోలు సరే, ఆదేశం ఇచ్చేదెవరు?

సంపాదకుడికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో పోలీసుల 'మాబ్ ఆపరేషన్' (అల్లరిమూకను అదుపు చేయడం) మాక్ డ్రిల్ ఫొటోలు సగం పేజీ వేశారు. అప్పుడే రాద్దామనుకుని, మనకెందుకులే అని ఊరుకున్నాను. ఆ ఫొటోలు చూసి మా వీధిలో పెద్దమనుషులు కూడా 'ఇక మన జిల్లాకు ఢోకా లేదు' అనుకుంటుంటే ఊరుకోలేక రాస్తున్నాను.

టైర్లు తగలబెట్టారు, మైకులో హెచ్చరించారు, టియర్ గ్యాస్ వదిలారు, లాఠీలు ఝళిపించారు. ఆందోళనకారుల వేషం వేసిన కానిస్టేబుళ్లు ఎటు పరుగెత్తమంటే అటు పరుగెత్తారు. ఒకరిని స్ట్రెచర్ మీద మోసుకెళ్లారు. ఉన్నతాధికారులు కుర్చీల్లో కూర్చుని చూశారు. నన్ను కలవరపెట్టింది ఆ కుర్చీలే. అల్లరి జరిగే రోజున నిర్ణయం తీసుకోవలసిన వాళ్లు డ్రిల్ రోజున ప్రేక్షకులు! లాఠీ ఎలా పట్టుకోవాలో కానిస్టేబుల్‌కు ఏటా నేర్పుతూనే ఉన్నారు. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు కదలాలో, ఎవరి మాట వినాలో నేర్చుకోవలసింది పైవాళ్లు.

అనంతపురం జిల్లా తాడిపత్రి సంగతి అందరికీ తెలిసిందే. 2024 మే 13న పోలింగ్, మర్నాటికి వీధుల్లో రెండు పార్టీలవాళ్ల రాళ్ల వర్షం. మధ్యలో దెబ్బలు తిన్నది పోలీసులు. మే 16న ఎన్నికల సంఘం అనంతపురం, పల్నాడు ఎస్పీలను సస్పెండ్ చేయమంది. రెండు జిల్లాలతోపాటు తిరుపతిలోనూ కలిపి కింది అధికారులు పన్నెండు మంది మీద వేటు పడింది. సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వేశారు. బాగానే ఉంది. కానీ అనంతపురానికి ఆ ఎస్పీ వచ్చిందే ఏప్రిల్ మొదట్లో. అంతకుముందున్న ఎస్పీని అదే ఎన్నికల సంఘం బదిలీ చేయించింది. నెలన్నర కూడా నిండని మనిషికి ఆ ఊళ్లో ఏ సందు ఎటు తేలుతుందో, ఏ మిద్దె మీద రాళ్లు పోగవుతాయో తెలియాలంటే ఎలా? తప్పు చేస్తే శిక్షించాల్సిందే. కానీ ఊరు తెలియని వారిని తెచ్చి కూర్చోబెట్టిన వారి తప్పు ఏ ఉత్తర్వులోనూ కనిపించదు.

జిల్లా ఎస్పీకీ, స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కూ కనీసం రెండేళ్లు ఉండనివ్వాలని పోలీసు సంస్కరణల మీద నడిచిన ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. మన దగ్గర ప్రభుత్వం మారితే డీజీపీ నుంచి ఎస్సై దాకా పెట్టె సర్దుకోవాల్సిందే. ఎమ్మెల్యే లెటర్ లేకుండా సీఐ పోస్టింగ్ పడదని టీ కొట్టు దగ్గర పిల్లవాడు కూడా చెబుతాడు. అలా వచ్చిన సీఐ, ఆ ఎమ్మెల్యే మనుషులే రాళ్లు పట్టుకుని ఎదురొస్తే లాఠీ ఎత్తుతాడా? దీనికి ఏ ట్రైనింగ్ కాలేజీలో పాఠం ఉందో చెప్పండి. పోలీస్ ట్రైనింగ్ కాలేజీ అనంతపురంలోనే ఉంది, కనుక్కోవచ్చు.

నేను రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాణ్ని. చట్టవిరుద్ధంగా గుమిగూడిన జనాన్ని చెదరగొట్టమని ఆదేశించే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు (అంటే మాలాంటి రెవెన్యూ అధికారికి) ఉంది, స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు ఉంది, ఆయన లేకుంటే ఎస్సై స్థాయికి తగ్గని అధికారికి ఉంది. పాత నేర విచారణ చట్టం సీఆర్పీసీ 129వ సెక్షన్‌లో ఉన్నదే ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 148లోకి వచ్చింది. ఆచరణలో ఏం జరిగేదో చెబుతాను. లాఠీచార్జి అయిపోయి, జనం ఇళ్లకు చేరి, రాత్రి ఎప్పుడో ఒక కాగితం తెచ్చి 'సార్, ఇక్కడ సంతకం' అనేవారు. నేనిచ్చినట్టు ఆ కాగితంలో రాసి ఉన్న ఆదేశం నేనెప్పుడూ ఇవ్వలేదు. అసలు ఎవరిచ్చారని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

లండన్‌లో 1985 టోటెన్‌హామ్ అల్లర్లలో ఒక కానిస్టేబుల్ ప్రాణం పోయాక అక్కడి పోలీసులు గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని మూడంచెల పద్ధతి పెట్టుకున్నారు. వ్యూహం తేల్చేది ఒకరు, దాన్ని నడిపించేది ఒకరు, వీధిలో తన భాగం చూసుకునేది ఒకరు. ఎవరి పని వారిదే, హోదాతో నిమిత్తం లేదు. మన దగ్గర డీఐజీ గారు వస్తే ఎస్పీ పక్కకు తప్పుకుంటారు, ఎస్పీ వస్తే డీఎస్పీ నోరు విప్పడు, మంత్రి గారి ఫోనొస్తే అందరూ సెల్యూట్ కొడతారు. గోల్డూ సిల్వరూ బ్రాంజూ అన్నీ ఒకే వాట్సాప్ గ్రూపులో ఉంటాయి.

2016లో తునిలో సభకని వచ్చిన జనం రైలు పట్టాల మీదికి వెళ్లి రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌నే తగలబెట్టారు. 2022లో అమలాపురంలో మంత్రి ఇల్లే కాలిపోయింది. ఎక్కడో కోస్తాలో జరిగిందని మనం పేపర్లో చదివి మడిచిపెట్టాం. అక్కడ పోలీసుల అంచనా ఎక్కడ తప్పిందో ఇక్కడి ఎస్సైలకు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? తేదీ తెలియని అల్లరి మాట అటుంచండి, తేదీ తెలిసిన దేవరగట్టు ఉంది కదా! ప్రతి దసరా రాత్రీ మాళ మల్లేశ్వరుడి కల్యాణం అయ్యాక ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్ల మధ్య కర్రలు లేస్తాయని హొళగుంద మండలంలో పసిపిల్లలకు కూడా తెలుసు. గ్రామాల్లో అవగాహన సదస్సులు పెడతారు, కర్రలు స్వాధీనం చేసుకుంటారు, డ్రోన్లు ఎగరేస్తారు, వందల మందిని దించుతారు. తెల్లారేసరికి తలలు పగిలినవాళ్లు ఆసుపత్రిలో ఉంటారు. కొన్నేళ్లు ప్రాణాలూ పోయాయి. భక్తి మాట నేనెత్తను. ఏటా అదే కొండ, అదే దారి, అదే రాత్రి. పోయినేడు ఏం పని చేసిందో, ఏది చేయలేదో రాసిపెట్టిన కాగితం ఒక్కటైనా కొత్తగా వచ్చిన డీఎస్పీ చేతికి అందుతుందా?

ఇక బందోబస్తుకు వచ్చే కానిస్టేబుల్ సంగతి. పొద్దున లారీలో దించితే రాత్రి దాకా అన్నం పొట్లం వస్తుందో రాదో తెలియదు. 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి తుది ఫలితాలు 2025 ఆగస్టులో ప్రకటించారు. ఈలోగా ఉన్నవాళ్లతోనే వీఐపీ డ్యూటీ, జాతర డ్యూటీ, ధర్నా డ్యూటీ. నిద్ర లేనివాడికి ఓర్పు ఎక్కడి నుంచి వస్తుంది?

కాబట్టి మీ విలేకరికి ఒక పని చెప్పండి. ఈ దసరాకు దేవరగట్టులో ఆ రాత్రి తుది నిర్ణయం ఎవరిదో, ఆయన ఈ జిల్లాకు ఎప్పుడు వచ్చారో, పోయినేటి నివేదిక చదివారో లేదో అడిగి మీ పేజీలో వేయండి. జవాబు రాకపోతే, జవాబు రాలేదనే వేయండి.

— ఒక విశ్రాంత డిప్యూటీ తహసీల్దారు, ఆదోని