వార్షిక నివేదిక 2024–25: కాసవెటీస్ సినిమాలతో గడిచిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలన్నది మన ఫిల్మ్ సొసైటీ నియమం. నియమం లేకపోయినా ఈసారి నేను చదివేవాణ్ణే. ఈ ఏడాది జరిగిన పని చెప్పుకోదగ్గది, దాని వెనక ఎవరి కష్టం ఎంతుందో రికార్డులోకి ఎక్కాలి.

నెలవారీ ప్రదర్శనలు ఒక్క నెల కూడా ఆగలేదు, సినిమా అయ్యాక చర్చా ఎప్పటిలాగే నడిచింది. లైబ్రరీ పుస్తకాలకు కొత్తగా జాబితా రాయించాం. ఇవన్నీ మీరు చూసినవే కాబట్టి అసలు విషయానికి వస్తాను.

2024 ఆగస్టు 14న అమెరికన్ నటి జీనా రోలండ్స్ 94 ఏళ్ల వయసులో కన్నుమూశారు. సంతాప తీర్మానం చేసి, రెండు నిమిషాలు మౌనం పాటిస్తే చాలు కదా అని కమిటీలో ఒకరిద్దరు అన్నారు. అధ్యక్షులు గారు ఒప్పుకోలేదు. ఆవిడ గురించి మాట్లాడాలంటే ఆవిడ భర్త, సినిమా దర్శకుడు జాన్ కాసవెటీస్ గురించి మాట్లాడాలి, ఆయన గురించి మాట్లాడాలంటే సినిమాలు వరసగా చూపించాలి, ఊరికే ఉపన్యాసాలు పెడితే లాభం లేదని పట్టుబట్టారు. ఆ పట్టుదల వల్లే మన సొసైటీకి ఇంత మంచి ఉత్సవం దక్కింది. అధ్యక్షులు గారికి మొదటి కృతజ్ఞతలు.

రాలేకపోయిన సభ్యుల కోసం కాస్త వివరంగా చెప్తాను. కాసవెటీస్ 1929 డిసెంబరు 9న న్యూయార్క్‌లో గ్రీకు కుటుంబంలో పుట్టారు. నటన నేర్చుకుని, టీవీ నాటకాల్లో, సినిమాల్లో వేషాలు వేస్తూ పేరు తెచ్చుకుంటున్న కుర్రాడు. న్యూయార్క్‌లో నటనా శిక్షణ తరగతులు నడుపుతుండగా అక్కడ విద్యార్థులు చేసిన ఒక అభ్యాసంలోంచి సినిమా ఆలోచన పుట్టింది. 1957లో జీన్ షెపర్డ్ రాత్రి రేడియో కార్యక్రమంలో కూర్చుని, మామూలు మనుషుల గురించి సినిమా కావాలంటే మీరే డబ్బు పంపండి అని శ్రోతల్ని అడిగారు, వాళ్లు నిజంగానే పంపారు! అలా మొదలైంది 'షాడోస్'. 16 ఎంఎం కెమెరా, స్టార్లు కాని నటులు, న్యూయార్క్ వీధులు. మొదట తయారైన సినిమా ఆయనకే నచ్చలేదు. జోనస్ మెకాస్ లాంటి విమర్శకుడు అదే బాగుందని మెచ్చుకున్నా వినకుండా చాలా భాగం మళ్లీ తీసి, 1959లో కొత్త రూపం చూపించారు. ఎవరి మెప్పు కోసమో కాకుండా తన తృప్తి కోసం మళ్లీ తీసిన ఈ మొండితనం ఆయన బతుకంతా కనిపిస్తుంది.

ఆ తర్వాత హాలీవుడ్ పిలిచింది. రెండు సినిమాలు చేశారు, రెండూ చేదు అనుభవాలే. 1963లో వచ్చిన 'ఎ చైల్డ్ ఈజ్ వెయిటింగ్' ఎడిటింగ్ దగ్గర నిర్మాత స్టాన్లీ క్రేమర్‌తో పెద్ద గొడవే జరిగింది, సినిమా ఆయన చేతుల్లోంచి పోయింది. ఇక అప్పట్నుంచీ నటన ఆయనకు సంపాదన, సొంత సినిమా ఆయనకు ఖర్చు. 1967లో 'ది డర్టీ డజన్'కు సహాయ నటుడిగా ఆస్కార్ నామినేషన్, ఆ మరుసటి ఏడు 'రోజ్‌మేరీస్ బేబీ'లో ముఖ్య పాత్ర. ఈ వేషాల డబ్బంతా 'ఫేసెస్'లో పోశారు. 1965లో తన ఇంట్లోనూ, అత్తగారి ఇంట్లోనూ తీసిన ఆ సినిమా ఎడిటింగ్ అయి బయటికి రావడానికి 1968 దాకా పట్టింది. వచ్చాక మాత్రం మూడు ఆస్కార్ నామినేషన్లు. చేతి చమురు వదిలించుకుని సినిమా తీసేవాళ్లు మన మధ్యా ఉన్నారు. వాళ్లు 'ఫేసెస్' ఆడిన రోజు హాల్లో ముందు వరసల్లో కూర్చుని నోట్సు రాసుకోవడం చూసి నాకు ఎంత సంతోషం వేసిందో!

మన గర్వమంతా 'ఎ ఉమన్ అండర్ ది ఇన్‌ఫ్లుయెన్స్' ప్రదర్శన. 1974 సినిమా. పెట్టుబడి పెట్టేవాళ్లు దొరక్క ఇల్లు తాకట్టు పెట్టారు, హీరోగా చేసిన పీటర్ ఫాక్ కూడా సొంత డబ్బు పెట్టారు. తయారయ్యాక పంపిణీదారులు ముందుకు రాకపోతే తామే థియేటర్లతో మాట్లాడుకుని విడుదల చేశారు. చివరికి ఉత్తమ దర్శకుడు, ఉత్తమ నటి ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి.

ఈ సినిమాకు తెలుగు సబ్‌టైటిల్స్ మన వాళ్లే చేశారు. అందులో పొద్దున్నే భర్త తన తోటి కూలీలందర్నీ ఇంటికి తీసుకొస్తే, భార్య మేబెల్ (జీనా రోలండ్స్ వేసిన పాత్ర) వాళ్లకు స్పెగెటీ వండి పెట్టే సన్నివేశం ఉంది. బల్ల చుట్టూ అంతమంది. ఒకరి మాట పూర్తి కాకుండానే ఇంకొకరు అందుకుంటారు, ఒకాయన పాట ఎత్తుకుంటాడు, ఆవిడ ఆనందం పట్టలేక ఒకతన్ని డాన్స్ చెయ్యమని బతిమాలుతుంది, భర్త ఒక్క అరుపు అరుస్తాడు, బల్ల మొత్తం మూగబోతుంది. తెర మీద రెండు వరసలకు మించి పట్టదు. ఎవరి మాట ఉంచాలి, ఎవరిది వదలాలి? మన బృందం ఆ ఒక్క సన్నివేశం మీద రాత్రుళ్లు కూర్చుంది. మధ్యలో వచ్చే గొణుగుళ్లు వదిలేసి, అరుపు ముందు ఆవిడ మాటలు ఒక్కటీ పోకుండా చూసుకున్నారు. ఆ అరుపు దగ్గర మన హాలు కూడా అలాగే నిశ్శబ్దమైపోయింది. ఆ బృందానికి ఏమిచ్చినా తక్కువే.

చివరి ఆట 'లవ్ స్ట్రీమ్స్'. 1984లో బెర్లిన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి గోల్డెన్ బేర్ గెలిచింది. భార్యాభర్తలిద్దరూ తోబుట్టువులుగా నటించారు, అదీ ఎక్కువ భాగం సొంత ఇంట్లోనే. 1989 ఫిబ్రవరి 3న, 59 ఏళ్లకే కాసవెటీస్ వెళ్లిపోయారు. ఆ ఆట అయ్యాక చర్చ ఎంతకీ తెగలేదు, వాచ్‌మన్ గారు ఓపిగ్గా ఆగారు. ఆయనకూ, ప్రొజెక్టర్ తమ్ముడికీ, పోస్టర్లు గీసిన విద్యార్థులకూ, కుర్చీలు మోసిన ప్రతి ఒక్కరికీ పేరు పేరునా ధన్యవాదాలు.

ఇక మనసులో ఉన్నది చెప్పకుండా ఉండలేను. వాలంటీర్ల కాగితం మీద సంతకాలు బోలెడు, పని రోజున వచ్చినవాళ్లు పట్టుమని పదిమంది లేరు. ఫోన్ చేస్తే వస్తున్నాం అన్నవాళ్లు సినిమా సగమయ్యాక ప్రేక్షకుల్లా వచ్చి కూర్చున్నారు. రాలేనంటే ముందే చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు. హాలు అనుమతి విషయంలో సంబంధిత కార్యాలయం చుట్టూ కాళ్లరిగేలా తిరిగాం. ఫలానా సారు సెలవులో ఉన్నారు, ఫైలు పైకి వెళ్లింది అని నీళ్లు నమలడం తప్ప సూటిగా జవాబు లేదు. అనుమతి కాగితం ఉత్సవానికి ముందు రోజు సాయంత్రం చేతికొచ్చింది. ఆ టెన్షన్ మళ్లీ పడే ఓపిక కమిటీకి లేదు కాబట్టి వచ్చే ఏడాది దరఖాస్తు పనికి ఇద్దరు సభ్యులు ఇప్పుడే ముందుకు రావాలి.

జమాఖర్చుల పట్టిక నివేదిక వెనక జత చేశాం, కోశాధికారి గారు చదువుతారు. ఆడిట్ అయింది, అభ్యంతరాలు లేవు. ప్రదర్శన హక్కుల ఖర్చు అనుకున్నదానికంటే పెరిగింది, విరాళాలు ఆదుకున్నాయి. సభ్యత్వ రుసుము బకాయి ఉన్నవాళ్లు ఇవాళే కట్టేయండి.

వచ్చే ఏడాది 'షాడోస్'కూ తెలుగు సబ్‌టైటిల్స్ చెయ్యాలని తీర్మానం ప్రతిపాదిస్తున్నాం. నటనలో ఉన్న మన యువ సభ్యులు కొందరు సొంతంగా చిన్న సినిమా తీస్తామని కమిటీకి ఉత్తరం ఇచ్చారు. వాళ్లకు సొసైటీ కెమెరా, గది ఉచితంగా ఇవ్వాలన్నది రెండో తీర్మానం. రెండింటి మీదా సభ్యులు మాట్లాడి ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి