'కురువు' అని చదివిన పిల్ల గురించి మంత్రి గారికి ఒక ఉత్తరం

తమిళనాడు పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను మైలాపూరులో ఉంటున్న రిటైర్డ్ తెలుగు పండిట్‌ని. ఉత్తరం తెలుగులోనే రాస్తున్నాను. మా అబ్బాయి దీన్ని తమిళంలోకి మార్చి మీకు పంపుతాడు.

మా మనవరాలు నాలుగో క్లాసు. మొన్న సెప్టెంబరు 5కి బడిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి మీద తెలుగులో మాట్లాడమన్నారట. ఇంట్లో ప్రాక్టీసు చేస్తుంటే విన్నాను. 'గురువు' అనాల్సిన చోట 'కురువు' అంటోంది. 'భారతరత్న' కాస్తా 'పారతరత్న' అయింది. గలగలా తెలుగు మాట్లాడే పిల్లకి ఇదేమిటబ్బా అని కాగితం లాక్కుని చూశాను. మాటలు తెలుగువి, అక్షరాలు తమిళవి! తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం, భ అసలు లేదు. పాపం, రాసుకున్నది రాసుకున్నట్టే చదివింది. "మాకు తెలుగు అక్షరాలు ఎవరు నేర్పారు అమ్మమ్మా?" అంది. అది ఒకటో క్లాసులో చేరిన ఏడే వాళ్ల తెలుగు టీచరు రిటైరయ్యారు. ఆ పోస్టు ఇంకా ఖాళీ.

ఇంట్లో పండిట్‌ని పెట్టుకుని ఇదేం ఖర్మ అంటారా? నిజమే, తప్పు నాదీ ఉంది. ఆ రాత్రే పలక తీశాను. కానీ ఆ క్లాసులో తెలుగు పిల్లలు ఇంకా ఉన్నారు, అందరి ఇళ్లలోనూ పండిట్లు లేరు కదండీ.

ఆ కాగితంలో ఉన్న మనిషి 1888లో తిరుత్తణిలో, తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టారు. ఇంటిపేరు నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి ఊరిది. (తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఆ పాత తగువు ఇప్పుడెందుకు లెండి.) 1909లో మన మెరీనా ఎదుటి ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు మొదలుపెట్టారు. 1921లో మైసూరు వదిలి కలకత్తా వెళ్తుంటే, శిష్యులు బండికి కట్టిన గుర్రాలను విప్పేసి తామే స్టేషను దాకా లాక్కెళ్లారు. వీధివీధీ తిరిగి ఓట్లడిగిన మనిషి కాదు. 1952లో ఉపరాష్ట్రపతి, 1962లో రాష్ట్రపతి. నాకు బాగా నచ్చేది మాత్రం అంతకు ముందు సంగతి. 1949లో మాస్కోకు రాయబారిగా వెళ్లి కూడా ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ ఉద్యోగం వదల్లేదు, మధ్యమధ్యలో వెళ్లి పాఠం చెప్పి వచ్చేవారు. పదవి వచ్చిందని క్లాసును ఖాళీగా వదిలేయలేదు. మాకు మూడేళ్లుగా ఖాళీగా ఉన్నది అదే.

1967లో దిగిపోయాక ఇక్కడికే, ఎడ్వర్డ్ ఎలియట్స్ రోడ్డులోని 'గిరిజ' ఇంటికి వచ్చేశారు. ఆ రోడ్డే ఇప్పటి రాధాకృష్ణన్ సాలై. మీరూ రోజూ ఆ దారిన పోతూనే ఉంటారు.

2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. దానితో నాకు పేచీ లేదు. ఈ ఊళ్లో బతికేవాళ్లకి తమిళం రావాల్సిందే, మా మనవరాలు అందులో నాకంటే నయం. నేనడిగేది ఒక్కటే: తెలుగు చెప్పే పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయో బడివారీగా లెక్క తీయించండి, వచ్చే జూన్‌లోగా భర్తీ చేయించండి. అంతవరకు వారానికి రెండు రోజులు వచ్చే టీచరునైనా పంపండి. జీతం లేకుండా రమ్మన్నా నేను వస్తాను, బడివాళ్లకు ఒక కాగితం ముక్క ఇప్పించండి చాలు.

ప్రస్తుతానికి సాయంత్రం ఆరింటికి మా వరండాలో అయిదుగురు పిల్లలు కూర్చుంటున్నారు. నిన్ననే 'గ' దాకా వచ్చాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు పండిట్,
మైలాపూరు, చెన్నై