ప్యాలెస్‌లు మీరు చూడండి, నన్ను కాఫీ షాపులో వదిలెయ్యండి

పాలకొల్లు

చిరంజీవి చిన్నబాబుకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేం క్షేమం. కోడలు పిల్లా, బుజ్జిదీ బాగున్నారని తలుస్తాను. వచ్చే వేసవిలో యూరప్ వెళ్దాం, ఏం చూడాలనుందో చెప్పమ్మా అని మొన్న ఫోన్లో అడిగావు. మీ నాన్నగారు పక్కనుంచి స్విట్జర్లాండ్, స్విట్జర్లాండ్ అని అరుస్తుంటే నా మాట నీకు వినపడలేదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నాకు మంచుకొండలొద్దురా. వియన్నా తీసుకెళ్లు. అక్కడి కాఫీ హోటళ్లు చూడాలి.

నవ్వకు. సింగపూర్‌లో మీరిద్దరూ ఆఫీసుకెళ్లి, బుజ్జిది స్కూలుకెళ్లాక నేను ఇంట్లో సీరియళ్లు చూస్తూ కూచునేదాన్ననుకున్నావు. మీ బ్లాకు కింద కోపిటియంలో, అంటే అక్కడి కాఫీ హోటల్లో ఉండేదాన్ని. ఒకసారి ఫోన్ ఎత్తలేదని నువ్వు తెగ టెన్షన్ పడ్డావు చూడు, అప్పుడూ అక్కడే ఉన్నాను.

ఆ కాఫీ కలిపే పెద్దాయన పని చూస్తూ ఎంతసేపైనా ఉండొచ్చు. పొడవాటి గుడ్డసంచిలో పొడి వేసి, సన్నటి మూతి ఉన్న కెటిల్‌తో మరిగే నీళ్లు పోస్తాడు. దిగిన డికాషన్ని అందులోంచి ఇందులోకీ, ఇందులోంచి అందులోకీ తిరగబోస్తాడు. కప్పు అడుగున కండెన్స్‌డ్ మిల్క్ ముందే వేసి ఉంటుంది. గింజల్ని పంచదార, మార్గరిన్ వేసి వేయిస్తారట, ఆ నలుపూ ఆ కాస్త మాడు వాసనా అందుకే. మన పీబెర్రీ, చికోరీ అలవాటైన నాలుకకి మొదట్లో ఎక్కలేదు. తర్వాత ఎక్కింది. అడగడం కూడా ఒక చదువే. ఉత్త కోపి అంటే కండెన్స్‌డ్ పాలతో ఇస్తారు, కోపి ఓ అంటే పాలు లేకుండా పంచదారతో. కోపి సీ అంటే తియ్యదనం లేని చిక్కటి డబ్బా పాలు. తీపి తగ్గించమంటే సియూ దాయ్, అసలొద్దంటే కోసోంగ్. నాకు ‘కోపి సీ సియూ దాయ్’ కుదిరింది. కొన్నాళ్లకి నేను నోరు తెరవకముందే ఆయన కప్పు అందుకునేవాడు.

అక్కడ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్తే ఆ కుర్చీ వాళ్లదేనట. మన ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి జేబురుమాలు వేసి సీటు ఆపుకున్నట్టు. కాకపోతే అక్కడ పోట్లాట లేదు, ఎవరూ ఆ ప్యాకెట్ తీసి పారేయరు. కొబ్బరిపాలు, గుడ్లు, పంచదార కలిపి కాచిన కాయా అనే జామ్‌ని కాల్చిన బ్రెడ్‌కి రాసి, మధ్యలో వెన్నముక్క పెట్టిస్తారు. ఇన్ని కొబ్బరికాయలు దింపుతాం, లౌజు దగ్గరే ఆగిపోయాం చూడు మనం.

రుచి సంగతి సరే. నీకు చెప్పాలనుకున్నది వేరే ఉంది. నాకు పెళ్లై ఈ ఊరొచ్చిన కొత్తలో బస్టాండు దగ్గర కాఫీ హోటల్లో ఆడవాళ్లకి ఫ్యామిలీ రూమ్ అని ఒకటుండేది. పచ్చ కర్టెన్, లోపల ఒక ట్యూబ్‌లైటు, కిటికీ ఉండదు. మీ నాన్నగారితో గుడికెళ్లి వస్తూ అప్పుడప్పుడూ అందులో కూచుని తాగేవాళ్లం. మామూలు రోజుల్లో ఆయన బయట స్నేహితులతో కూచుని, పేపరు చదివి, రాజకీయాలన్నీ తేల్చి, నాకు ఫ్లాస్కులో పట్టుకొచ్చేవారు. ఆ కాఫీ బాగానే ఉండేది. కాని ఆడమనిషి ఒక్కతీ నలుగురి మధ్య కూచుని, కప్పు ముందు పెట్టుకుని, వచ్చేపోయేవాళ్లని చూస్తూ కూచోవడం నేనెరగను. ఆ కోపిటియంలో నా వయసు చైనా ఆవిడలు ఒంటరిగా వచ్చి, తాగి, తీరిగ్గా కూచుని, ట్రే తీసుకెళ్లి స్టాండులో పెట్టి పోయేవారు. ఎందుకొచ్చావని నన్నూ ఎవరూ అడగలేదు. అందుకే రోజూ వెళ్లాను.

ఇక వియత్నాంలో హనోయ్. నువ్వు ఫోన్లో స్టార్లు లెక్కపెట్టి తీసుకెళ్లిన ఏసీ షాపు పేరు కూడా నాకు గుర్తులేదు. అదే తెల్లకప్పు, నురగ మీద అదే ఆకుబొమ్మ. అది భీమవరంలోనూ వచ్చింది. గుర్తున్నది గుడ్డు కాఫీ ఇచ్చిన జాంగ్ కఫే. సందు ఎంత సన్నమంటే నువ్వు దాటిపోయి మళ్లీ వెనక్కొచ్చావు. 1946లో మొదలెట్టారట దాన్ని. మెట్రోపోల్ హోటల్లో పనిచేసే జాంగ్ అనే ఆయన, పాలు దొరకని ఆ రోజుల్లో పచ్చసొన గిలక్కొట్టి కాఫీ మీద వేశాడని అక్కడే తెలిసింది. నీచు వాసనేస్తుందని మీ నాన్నగారు ముట్టుకోలేదు. వాసనేం లేదు. చల్లారకుండా చిన్న కప్పుని వేన్నీళ్ల గిన్నెలో పెట్టి ఇచ్చారు, పైన మీగడలా మందంగా నురగ, కింద చేదు. ముందు చెంచాతో తిని, తర్వాత తాగాను.

దానికంటే నాకు నచ్చింది మర్నాడు పొద్దున్న పేవ్‌మెంటు మీద కాఫీ అమ్మిన ఆవిడ. జానెడెత్తు ప్లాస్టిక్ స్టూళ్లు, గ్లాసు మీద చిన్న రేకు ఫిల్టరు. ఫిన్ అంటారు దాన్ని. మన ఫిల్టరే, కాకపోతే ఒక్కరికి సరిపడా. రాత్రే వేసుకోనక్కర్లేదు, చూస్తుండగానే బొట్టుబొట్టుగా దిగుతుంది. ప్రపంచంలో బ్రెజిల్ తర్వాత ఎక్కువ కాఫీ పండించేది వియత్నాం వాళ్లేనట, అందులో చాలామటుకు రోబస్టా అనే ఘాటు రకం. ఆ ఘాటుకి కండెన్స్‌డ్ పాలు వేస్తే తప్ప నిలవలేం. మీ నాన్నగారు స్టూలు మీంచి లేవలేకపోతే ఆవిడే రెక్క పట్టి లేపింది.

ఇప్పుడు వియన్నా ఎందుకో విను. అక్కడ కాఫీ అడిగితే చిన్న ట్రేలో గ్లాసుడు మంచినీళ్లు కూడా పెట్టిస్తారు. ఒక్క కాఫీతో గంటలు కూచున్నా లేవమనరు, చదువుకోడానికి పేపర్లుంటాయి. ఈ కాఫీ హోటళ్ల పద్ధతిని 2011లో ఆస్ట్రియా తమ దేశపు యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. అయితే అంత గొప్ప వియన్నాలోనూ 19వ శతాబ్దం సగం దాకా ఆడవాళ్లు క్యాషు దగ్గర కూచోవడమే గాని, కస్టమర్లుగా వచ్చి తాగడానికి వీల్లేదట. ఇది చదివినప్పట్నుంచీ అక్కడ కూచోవాలని మరీ పట్టుదలగా ఉంది నాకు. మన ఫ్యామిలీ రూమే నయం, కర్టెన్ వెనకైనా కాఫీ ఇచ్చారు!

1876 నాటి కఫే సెంట్రల్ అందరూ చూపిస్తారు. పై కప్పు గుడిమండపాల్లా ఉంటుందట. దాని ముందు క్యూ ఉంటుందంటున్నారు గనక నాకొద్దు, తిరుపతిలో నిలబడింది చాలు. నాకు కావాల్సింది హవెల్కా. 1939లో లియోపోల్డ్, జోసెఫీన్ అనే మొగుడూపెళ్లాలు తెరిచారు. రాత్రి పొద్దుపోయాక ఆవిడ ప్లమ్ జామ్ కూరి బుఖ్టెల్న్ అనే బన్నులు కాల్చేది, వాటికోసం రచయితలూ చిత్రకారులూ కనిపెట్టుకుని ఉండేవారట. ఆవిడ 2005లో పోయింది, ఆయన నూరేళ్లు నిండి 2011లో పోయాడు. కొట్టు ఇంకా వాళ్ల కుటుంబానిదే, బన్నులు ఇప్పటికీ రాత్రిపూటే.

పారిస్ కూడా పెడతానన్నావు. 2017లో అక్కడ మన అరకు కాఫీ షాపు తెరిచారని మురిసిపోయాను గాని, అరకు కాఫీకి పారిస్ దాకా ఎందుకురా, వైజాగ్‌లో కిరండూల్ రైలెక్కితే అయ్యే పనికి.

వియన్నాకి మూడు రోజులుంచు. హోటలు హవెల్కాకి నడిచి వెళ్లేంత దూరంలో చూడు, బన్నులు తిన్నాక రాత్రిపూట నడిచి రావాలి గదా. పగళ్లు మీరు ప్యాలెస్‌లూ మ్యూజియంలూ చూసి రండి, నేను అక్కడే ఉంటాను. పేపరు జర్మన్‌లో ఉంటే ఉండనీ, మనుషుల్ని చూస్తాను. మీ నాన్నగారిని మాత్రం మీతో తీసుకుపోండి. పక్కన కూచుని స్విట్జర్లాండ్ అంటూనే ఉంటారు.

బుజ్జిదానికి ముద్దులు. కోడలు పిల్లని అడిగానని చెప్పు.

మీ అమ్మ