మిథనాల్ కొని ప్లాస్టిక్ దానా చేస్తే మిగిలేదెంత?

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది అనంతపురం. డ్రిప్ పైపులు చేసే చిన్న యూనిట్లో కొనుగోళ్లు చూస్తాను. మా ఖర్చులో పెద్ద ముక్క ప్లాస్టిక్ దానాదే, అంటే కరిగించి పైపులు చేసే గింజలదే. అది కిలోకి నాలుగు రూపాయలు పెరిగినా చివరికి చీనీ తోట రైతు మీదే పడుతుంది. అందుకే మిథనాల్ (గ్యాస్‌తోనో బొగ్గుతోనో చేసే ఒక రకం ఆల్కహాల్) చీప్, ఓడలో తెప్పించి సీమలోనే దానా ఫ్యాక్టరీ పెడితే రేటు దిగుతుందని ఈమధ్య మా వ్యాపారుల్లో మాట వస్తుంటే నాకూ ఆశ పుట్టింది, కూర్చుని లెక్కేశాను, చూస్తే గిట్టేలా లేదండీ.

మిథనాల్ బరువులో సగం ఆక్సిజనే. దాన్ని ముందు ఇథిలీన్, ప్రొపిలీన్ అనే వాయువులుగా మార్చి, వాటితో దానా చేస్తారు. వాటిలో ఆక్సిజన్ ఉండదు కాబట్టి అదంతా నీళ్లయి పోవాలి, పోతూ పోతూ కొంచెం హైడ్రోజన్‌ని కూడా పట్టుకుపోతుంది. 32 కిలోలు పోస్తే 18 కిలోలు నీళ్లు, సరుకు 14 కిలోలే. ఇది కాగితం మీద లెక్క. చైనాలో బావోతౌ ప్లాంట్ 2010లో మొదలైంది, ఏడాదికి 18 లక్షల టన్నుల మిథనాల్‌తో 6 లక్షల టన్నుల ఒలెఫిన్లు (ఇథిలీన్, ప్రొపిలీన్) తీసేలా కట్టారు, అంటే మూడుకి ఒకటి. వాళ్లు మిథనాల్ కొనరు, బొగ్గుతో వాళ్లే చేసుకుంటారు, గుట్టంతా అక్కడుంది. అదే చైనాలో సముద్రం ఒడ్డున మిథనాల్ కొని నడిపే ప్లాంట్లయితే రేటు పెరిగినప్పుడల్లా ఆపుకుని కూర్చుంటాయి. మన దేశం వాడే మిథనాల్ చాలావరకు గల్ఫ్ దిగుమతే. మూడు టన్నులకి ఓడ బాడుగ, ట్యాంకర్ బాడుగ కట్టి అనంతపురం దాకా తెస్తే అందులో టన్నున్నరకి పైగా నీళ్లకి కట్టిన బాడుగే కదా!

కర్నూలు సోలార్ కరెంటు, ఎర్రగుంట్ల సిమెంట్ ఫ్యాక్టరీల పొగలోని కార్బన్ డయాక్సైడ్ కలిపి ఇక్కడే మిథనాల్ చేద్దామనే వాళ్లూ ఉన్నారు. ఆలోచన నాకు నచ్చింది, కానీ టన్ను మిథనాల్‌కి దాదాపు 190 కిలోల హైడ్రోజన్ కావాలి, నీళ్ల నుంచి అది తీయడానికే 10 వేల యూనిట్ల దాకా కాలుతుంది. యూనిట్ 3 రూపాయలనుకున్నా 30 వేలు, టన్ను దానాకి మూడు టన్నులు కాబట్టి 90 వేలు కరెంటుకే!

ఆక్సిజన్‌ని పారబోయకుండా సరుకులోనే ఉంచుకునేవి చూడాలి. 32 కిలోల మిథనాల్‌కి 28 కిలోల కార్బన్ మోనాక్సైడ్ కలిస్తే 60 కిలోల ఎసిటిక్ యాసిడ్ (వెనిగర్‌లో ఉండే ఆమ్లం), కానీ ఆ మోనాక్సైడ్‌కి గ్యాసో బొగ్గో కావాలి, మన జిల్లాల్లో రెండూ లేవు. ప్లైవుడ్ జిగురుకి వాడే ఫార్మల్డిహైడ్ అనే వాయువుకి గాలి, క్యాటలిస్ట్ (రసాయన చర్యని వేగం చేసేది) చాలు, 32కి 30 కిలోలు చేతికొస్తుంది. దాన్ని నీళ్లలో కలిపి అమ్మే ఫార్మలిన్‌లో సగానికి పైగా నీళ్లే కాబట్టి దూరం నుంచి తెప్పించుకోవడం దండగ, వాడే చోటే చేసుకుంటారు. దాంతో చేసే జిగురుతో వేరుశనగ పొట్టుని కూడా బోర్డులుగా నొక్కొచ్చు, పొట్టుకి అనంతపురంలో కొదవా? అయితే ఫార్మల్డిహైడ్ క్యాన్సర్ తెచ్చేదే, గాలి బయటికి లాగే ఏర్పాటు, పనివాళ్లకి మాస్కులు లేకుండా మాత్రం ఎవరికీ పర్మిషన్ ఇవ్వకూడదు.

మీ వ్యాపారం పేజీలో దానా రేటు వేసేటప్పుడు దాని పక్కనే మిథనాల్ రేటు కూడా వేయండి సార్, మూడుతో గుణించి మేమే చూసుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకుడు, అనంతపురం