కార్డు చేతిలో, పేరు ఎక్కడో

నల్లకుంట, హైదరాబాద్
2024 మే 6, సోమవారం రాత్రి

ఒరేయ్ పంతులూ,

జవాబు చాలా ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇక్కడ అందరం కులాసా. అమ్మకి మోకాలి మందు మార్చారు. ఆవకాయ పెట్టేశాం, నీ జాడీ విడిగా ఉంచాం. ఎండలు మండిపోతున్నాయి. ఇంటి కబుర్లు అయిపోయాయి. ఇక అసలు సంగతి, 13న జరిగే ఎన్నికల ఓటరు జాబితాది. నీకు చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

"హైదరాబాదోళ్లకి ఓటు రోజంటే సెలవే కదరా" అని రాశావు చూడు, అక్కణ్నుంచే మొదలుపెడతా. 2019లో హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో 44.84 శాతం పోలైంది. మా సికింద్రాబాద్‌లోనూ సగం దాటలేదు. రాష్ట్రం మొత్తం మీద మాత్రం 62 దాటింది. అంకెలు నిజమే, కాదనను. కానీ ఆ శాతం కట్టేది ఊళ్లో ఉన్న మనుషుల మీద కాదురా, జాబితాలో ఉన్న పేర్ల మీద. 2023 జనవరి నుంచి ఒక్క హైదరాబాద్ జిల్లాలోనే 5.41 లక్షల పేర్లు తీసేశామని ఎన్నికల అధికారులే ప్రకటించారు. అందులో దాదాపు 4.4 లక్షలు ఇల్లు మారినవాళ్లవి, 47 వేలు చనిపోయినవాళ్లవి, మిగతావి రెండేసి చోట్ల ఉన్నవి. అంటే అన్నాళ్లూ అవన్నీ 'ఓటెయ్యని జనం' లెక్కలోనే ఉన్నాయి! ఓటెయ్యక ఇంట్లో కూర్చునేవాళ్లు లేరని కాదు, బోలెడుమంది ఉన్నారు. కానీ ఆ పెద్ద అంకెకు వెనకాల ఇంత కాగితం ఉందని ఎవరూ చెప్పరు.

అలాంటి పేర్లు తీసేయడం మంచిదే. కానీ తీసేవాళ్లు తలుపు కొట్టినప్పుడు ఇంటికి తాళం ఉంటే? పక్కింటివాళ్లు "ఏమోనండీ, కనబడట్లేదు" అంటే? అప్పుడు ఇక్కడే బతుకుతున్న మనిషి పేరు కూడా కొట్టివేతలోకి పోతుంది. ఆ సంగతి ఆ మనిషికి తెలిసేది పోలింగ్ రోజు పొద్దున, ఓటరు కార్డు చేత్తో పట్టుకుని బూత్ దాకా వెళ్లాక. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఏళ్ల తరబడి ఓటేసిన మనిషి ఎండలో నిలబడి వెనక్కి తిరిగి వెళ్లిపోతే మళ్లీ ఐదేళ్లకు వస్తాడా? రాడు. ఇంట్లో వాళ్లని కూడా రానివ్వడు.

అందుకే మా కాలనీవాళ్లు సాయంత్రాలు అపార్టుమెంటు సెల్లార్లో బల్ల వేసుక్కూర్చుంటున్నారు. పని పెద్దదేం కాదు, పేర్లు వెతికి పెట్టడం. వినడానికి ఇంతే, చేస్తే తెలుస్తుంది. రాష్ట్ర ఎన్నికల అధికారి వెబ్‌సైటులో పార్టుల వారీగా జాబితా దొరుకుతుంది. ఒక పార్టు అంటే ఒక పోలింగ్ కేంద్రం, వెయ్యి పైచిలుకు పేర్లు, పేజీకి 30. ఆ పీడీఎఫ్ బొమ్మలా ఉంటుంది, అందులో పేరు కొట్టి వెతకడం కుదరదు. ప్రింటు తీసి బల్ల మీద పెట్టుకోవాల్సిందే. ఒక్క పార్టు తీస్తే చాలదు, చుట్టుపక్కల పార్టులన్నీ కావాలి. ఒకే ఇంట్లో మొగుడు ఒక పార్టులో, పెళ్లాం ఇంకో పార్టులో ఉండటం ఇక్కడ మామూలే. చివర్లో అనుబంధ జాబితా వేరే ఉంటుంది, కొత్తగా చేరినవీ తీసేసినవీ అందులో ఉంటాయి. అది తిప్పకుండా "మీ పేరు లేదండీ" అనకూడదు. ఫిబ్రవరి 8న వచ్చిన తుది జాబితా ఒక్కటే ముందేసుకుని కూర్చుంటే, ఆ తర్వాత ఏప్రిల్ 15 లోపు కొత్త ఓటు కోసం ఫారం 6 పెట్టుకున్న పిల్లలెవరూ కనబడరు.

వెతకడానికి ఒక వరస ఉంది. మొదట కార్డు నంబరుతో. మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఏడు అంకెలు. సున్నాను ఓ అనుకుని కొట్టడం అందరూ చేసేదే. ఆన్‌లైన్లో కాకపోతే ఫోన్లో ఇంగ్లీషులో ఈసీఐ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, కార్డు నంబరు వేసి 1950కి మెసేజ్ పంపితే చాలు. దొరక్కపోతే పేరుతో. ఇక్కడే అసలు డిటెక్టివ్ పని మొదలవుతుంది! ఇంటిపేరు ముందుందా వెనకుందా, పూర్తిగా ఉందా ఒక్క అక్షరమే ఉందా, లక్ష్మిలో 'ఎక్స్' వేశారా 'కేఎస్' వేశారా, అన్నీ మార్చి మార్చి చూడాలి. ఆడవాళ్లయితే తండ్రి పేరుతో ఒకసారి, భర్త పేరుతో ఒకసారి. రాష్ట్రం పెట్టె దగ్గర తెలంగాణ బదులు ఆంధ్రప్రదేశ్ ఉండిపోతే ఎంత వెతికినా ఏమీ రాదు. అప్పటికీ దొరక్కపోతే కాగితం తిప్పడమే. ఆ మనిషి పేరు కోసం కాదురా, పక్కింటివాళ్ల పేర్ల కోసం. వాళ్లెక్కడ ఉంటే చాలామటుకు వీళ్లూ ఆ చుట్టుపక్కలే ఉంటారు.

నిన్న ఒక పెద్దావిడ వచ్చింది. పాత కార్డు, ఉమ్మడి రాష్ట్రం నాటిది, నంబరు ఏపీతో మొదలై మధ్యలో అడ్డగీతలతో ఉంటుందే, అది. ఆ నంబరు ఇప్పుడు కొడితే ఏమీ రాదు, పాత వరస నంబర్లను మార్చి కొత్త పది అక్షరాల నంబర్లు ఇచ్చేశారు. పేరుతో వెతికితే లేదు. భర్త పేరుతో లేదు. "నాది పోయిందిలే నాయనా" అని లేచింది. ఆవిడ వాళ్ల వీధిలో మూలన ఉండే కిరాణా కొట్టాయన పేరు చెప్పింది, ఆ పేరు పట్టుకుని పేజీలు తిప్పితే రెండు గళ్ల అవతల ఆవిడ! పుట్టింటి ఇంటిపేరు, ఇంటి నంబరులో చివరి బై నంబరు ఎగిరిపోయింది, లింగం దగ్గర 'పు' అని పడింది. వెబ్‌సైటులో పెట్టే జాబితాలో ఫొటోలు ఉండవు కదా, వయసూ భర్త పేరూ చూసి ఖాయం చేశాం. చీటీ రాసి చేతిలో పెడితే ఆవిడ మొహం చూడాల్సిందిరా. అది చెప్పడానికే ఈ ఉత్తరం మొదలెట్టాను, ఇంత దూరం వచ్చాక చెప్పగలిగాను.

తప్పులున్నా ఓటెయ్యొచ్చా అని నువ్వు అడుగుతావు, పంతులువి కదా. వెయ్యొచ్చు. మనిషెవరో తేలితే చాలు, అక్షర దోషాల్ని పట్టించుకోవద్దని ఎన్నికల సంఘం చెప్పింది. కార్డు మీద ఫొటో పోలికే తెలియట్లేదంటే వేరే గుర్తింపు చూపాలి. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాసుపుస్తకం, ఫొటో ఉన్న పింఛను కాగితం, ఇలా 12 రకాలున్నాయి. ఇంటికొచ్చి ఇచ్చే ఓటరు చీటీ మాత్రం గుర్తింపు కాదు, 2019 నుంచి ఆ లెక్క పోయింది. అది దారి చూపించడానికే.

ఆ చీటీలతో ఇంకో చిక్కుంది, ఇది చాలామందికి తెలీదు. బీఎల్‌ఓ, అంటే బూత్ స్థాయి అధికారి, చీటీ ఇవ్వడానికి వచ్చినప్పుడు ఇంట్లో లేనివాళ్లు, ఇల్లు మారినవాళ్లు, చనిపోయినవాళ్లు, ఈ మూడు రకాల పేర్లతో ఒక జాబితా తయారవుతుంది. ఏఎస్‌డీ అంటారు. పోలింగ్ రోజు అది బూత్‌ను నడిపే ప్రిసైడింగ్ అధికారి చేతిలో ఉంటుంది. వేసవి సెలవులకు ఊరెళ్లిన కుటుంబాలన్నీ అందులో పడే ప్రమాదం ఉంది. అక్కడ "మీది ఏఎస్‌డీలో ఉంది" అనగానే జనం ఓటు పోయిందనుకుని వెళ్లిపోతారు. పోలేదు! గుర్తింపు కాస్త గట్టిగా చూస్తారు, సంతకంతో పాటు వేలిముద్ర తీసుకుంటారు, ఒక ప్రకటన మీద సంతకం పెట్టమంటారు, అంతే. ఏఎస్‌డీలో పేరు ఉండటం వేరు, జాబితాలోంచి పేరు తీసేయడం వేరు. ఈ ఒక్క ముక్క ప్రతి బ్లాకులో లిఫ్టు పక్కన అతికించాం.

దీనికి తోడు వాట్సాప్ వదంతి. "జాబితాలో పేరు లేకపోయినా ఆధార్ చూపించి సెక్షన్ 49ఏ కింద చాలెంజ్ ఓటు అడగండి, టెండర్ ఓట్లు 14 శాతం దాటితే రీపోలింగ్" అని ప్రతి ఎన్నికకూ తిరుగుతుంది. నీకూ వచ్చే ఉంటుంది. అంతా అబద్ధం. పేరు లేకపోతే ఏ సెక్షనూ ఓటివ్వదు. చాలెంజ్ ఓటంటే ఓటరు అడిగేది కాదు, అభ్యర్థి తరఫున బూత్‌లో కూర్చునే పోలింగ్ ఏజెంటు రెండు రూపాయలు కట్టి "ఈ మనిషి ఆ మనిషి కాదు" అని అభ్యంతరం చెప్పడం. టెండర్ ఓటు మాత్రం నిజంగానే ఉంది. మన పేరు మీద ఇంకెవడో ముందే వేసేసి ఉంటే, మనమే అసలు మనిషి అని తేలాక ఒక కాగితం బ్యాలెట్ ఇస్తారు. అది యంత్రంలోకి పోదు, విడిగా కవర్లో పెడతారు, మామూలు లెక్కింపులో కలపరు. 14 శాతం అన్న నిబంధన ఎక్కడా లేదు. ఇది నమ్మి వచ్చినవాళ్లు బూత్‌లో సిబ్బందితో గొడవపడతారు, వెనకాల క్యూ ఆగిపోతుంది, ఎండకి సగంమంది వెళ్లిపోతారు. ఒక్క మెసేజ్ చేసే నష్టం ఇంత.

ఈసారి మా దగ్గర 45 మంది అభ్యర్థులు! ఒక బ్యాలెట్ యూనిట్‌లో, అంటే బటన్లుండే పెట్టెలో, 16 పేర్లే పడతాయి కాబట్టి నోటాతో కలిపి మూడు యూనిట్లు పక్కపక్కన పెడతారు. మొదటి దాంట్లో మనవాడి పేరు లేదని కంగారుపడక్కర్లేదు, మిగతా రెండూ చూడాలి, మొత్తం మూడింట్లో కలిపి ఒక్కటే నొక్కాలి. అట్టముక్కల మీద ఉత్తుత్తి గుర్తులు గీసి పెద్దవాళ్లకి చూపిస్తున్నాం, పువ్వు, గొడుగు లాంటివి కాకుండా జాగ్రత్తపడి, ఏ పార్టీకీ అభ్యర్థికీ లేనివి చూసి. ఓటు ఎవరికి పడిందో చూపించే వీవీప్యాట్ యంత్రం అద్దంలో చీటీ 7 సెకన్లు కనబడుతుంది, బీప్ వినబడేదాకా కదలొద్దని చెబుతున్నాం. చూపు సరిగా లేనివాళ్లు 18 నిండిన ఒక తోడును తీసుకెళ్లొచ్చు, ఆ తోడు ఆ రోజు ఇంకొకరికి తోడుగా వెళ్లకూడదు.

మేము రాసిచ్చే చీటీలు ఉత్త తెల్లకాగితం. పేరు, పార్టు నంబరు, వరస సంఖ్య, కేంద్రం చిరునామా. రంగుల్లేవు, గుర్తుల్లేవు. "ఎవరికి వెయ్యమంటారు" అని అడిగితే నోరు విప్పకూడదు, ఇది మొదటి షరతు. ఎవరి ఆధార్ ఫొటో కూడా ఫోన్లో తీసుకోకూడదు, చూసి వెనక్కిచ్చెయ్యాలి. ఇంట్లోంచి ఓటేస్తామని 12డి ఫారం పెట్టుకున్న 85 ఏళ్లు దాటినవాళ్ల పేరు పక్కన పోస్టల్ బ్యాలెట్ అని గుర్తు పడిపోయింది, వాళ్లు మళ్లీ బూత్‌కి వస్తే వెయ్యనివ్వరు. ఆ మాట వాళ్ల పిల్లలకి ఫోన్ చేసి మరీ చెప్పాలి.

ఎండ వల్ల తెలంగాణలో చాలాచోట్ల పోలింగ్ సాయంత్రం 6 దాకా పెంచారు, తెలుసుగా. 6 కొట్టేలోపు క్యూలో చేరితే చాలు, చివరి మనిషి నుంచి మొదలెట్టి టోకెన్లు ఇచ్చుకుంటూ వస్తారు, ఎంత రాత్రయినా అందరి ఓటూ తీసుకోవాల్సిందే.

నీ సంగతి. బెంగళూరులో ఏప్రిల్ 26న అయిపోయింది, నీ ఓటు చీరాల దగ్గరే ఉంది కాబట్టి 13న నువ్వు ఊళ్లో ఉండాలి. రెండో శనివారం, ఆదివారం, సోమవారం వరసగా వచ్చాయి, బస్సుల్లో సీట్లుండవు, ఇవాళే చూసుకో. 13న జీతంతో కూడిన సెలవు చట్టంలోనే ఉందని మీ మేనేజరుకి చెప్పు. అక్కడ నీకు రెండు ఓట్లు, రెండు యంత్రాలు. తెల్ల కాగితం పార్లమెంటుకి, గులాబీ రంగుది అసెంబ్లీకి. ఒకటి నొక్కి బయటికి వచ్చేసేవాళ్లు ఉంటారు, నువ్వు రెండూ వెయ్యి. మీ నాన్నగారి పేరు కూడా వెతుకు, ఆయన ఇంటిపేరుతో మనం పడ్డ పాట్లు గుర్తున్నాయిగా! ఎన్నికలయ్యాక బెంగళూరుకి మార్చుకోవాలంటే ఫారం 8, కొత్తగా ఫారం 6 పెట్టకు, అలా పెట్టే రెండు చోట్ల పేర్లు తయారవుతాయి, ఈ ఉత్తరం మొదట్లో చెప్పిన బెడద అదే

కిందనుంచి కేకేస్తున్నారు, జిరాక్స్ షాపు మూసేస్తున్నాడట, అనుబంధ జాబితా ఇంకా సగం ప్రింటు కావాలి. నీ కార్డు నంబరు వెంటనే పంపు, ఈ రాత్రే వెతుకుతా.

నీ,
గొడుగు