చివరి మనిషి దాటేదాకా ఒక్క లేన్ ఉంచండి

నగర ట్రాఫిక్ అధికారి గారికి నమస్కారం.

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో మేం తొమ్మిది మందిమి తరచూ రక్తం ఎక్కించాల్సిన తలసేమియా జబ్బున్న పిల్లల కోసం పరిగెడుతున్నాం. రక్తం దాతలు ఇస్తారు. మాటిమాటికీ ఎక్కించడం వల్ల ఒంట్లో పేరుకునే ఇనుమును తీసే మందులకే మా విరాళాలు.

మాలో స్పీడుగా పరిగెత్తేవాళ్లు ఎవరూ లేరండీ. పీపుల్స్ ప్లాజా నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా 42.195 కిలోమీటర్లు, పైగా ఫ్లైఓవర్లు! నిరుడు నేను చివరి మలుపుకు వచ్చేసరికే బండ్లు రాకుండా పెట్టిన కోన్లు ఎత్తేశారు. భుజం పక్కనే బస్సు దూసుకుపోయింది. ఛాతీ మీద పిన్నులతో పెట్టుకున్న నంబరు కాగితం ఆ గాలికి చిరిగింది. డ్రైవర్‌ను ఏమీ అనను, ఆయన డ్యూటీ ఆయనది. అక్కడున్న కానిస్టేబుల్ తన నీళ్ల సీసా నాకిచ్చారు, అదీ మర్చిపోలేదు.

ఈసారి ఎడమవైపు ఒక్క లేన్ చాలు.

ఇట్లు,
వెనకబడి పరిగెత్తే ఒక రన్నర్